మల్లినాథుడి టీక నుంచి హాస్కెల్ కామెంట్ దాకా

ఇవాళ్టి విషయంలోకి వెళ్ళేముందు ఒక వస్తువు చూపిస్తాను.

(పలక చూపిస్తూ) ఇది మార్కాపురం పలక. ప్లాస్టిక్‌ది కాదు, రాతిదే. చెక్క ఫ్రేము ఒక మూల ఊడిపోయింది. ఒకప్పుడు బడికెళ్ళిన పిల్లల సంచుల్లో ఉన్న రాతి పలకల్లో చాలా భాగం మా ఊరి చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చినవే. 'పలకల మార్కాపురం' అనేవాళ్ళు. పలక మీద బలపంతో రాస్తాం, దొండాకుతోనో తడిబట్టతోనో తుడిచేస్తాం. తుడిచాక నిన్న ఏం రాశామో ఎవరికీ తెలీదు.

ఈ తుడవడం సంగతే ఇవాళ మాట్లాడదాం. అయితే మనం తుడిచేది పలకని కాదు, ప్రోగ్రాముల్లో రాసే కామెంట్లని. అందులోనూ ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజీల స్టాండర్డ్ లైబ్రరీలో ఉండే వివరణ కామెంట్లని. పేరు వినగానే వీడియో మార్చేయకండి. ఇది కంప్యూటర్ క్లాసు కాదు, చరిత్ర. ఇందులో కాళిదాసు వస్తాడు, మెదక్ దగ్గర ఒక పల్లెటూరు వస్తుంది, కడపలో ఒక దొరగారు వస్తారు. చివర్లో నేను చేసిన ఒక వెధవ పని కూడా వస్తుంది.

ముందు రెండు ముక్కలు. ప్రోగ్రాములో కంప్యూటర్ చదివే భాగం ఒకటి, మనుషులు చదివే భాగం ఒకటి. మనుషుల కోసం రాసేది కామెంట్. కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. స్టాండర్డ్ లైబ్రరీ అంటే లాంగ్వేజ్‌తో పాటే వచ్చే రెడీమేడ్ ఫంక్షన్ల మూట, మన వంటింట్లో పోపులడబ్బా లాంటిది. అందరూ రోజూ చెయ్యి పెట్టేది అందులోనే. కాబట్టి ఆ డబ్బాల మీద చీటీ తప్పుగా ఉంటే వేలమంది కూరలో ఉప్పు బదులు చక్కెర పడుతుంది.

ఫంక్షనల్ లాంగ్వేజ్ అంటే ప్రోగ్రామంతా లెక్కల్లో ఫంక్షన్లలాగా రాయడం. ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పుడు అడిగినా ఒకే అవుట్‌పుట్. ఈ వంశంలో పెద్దది లిస్ప్. 1958లో ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ మొదలుపెట్టాడు, 1960లో దాని మీద పేపరు అచ్చయింది. ఆ మెకార్తీ తర్వాత స్టాన్‌ఫర్డ్ వెళ్ళాడు. అక్కడ ఆయన దగ్గర 1966లో పీహెచ్‌డీ చేసిన కుర్రాడు మనవాడే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది, ఆసియా నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి. ఆయన మీద వేరే ఎపిసోడ్ చేయాలి, ఇక్కడ ఇంతటితో వదిలేస్తున్నా.

కామెంట్‌ని ప్రోగ్రాములోనే ఒక గౌరవమైన చోట పెట్టాలన్న ఆలోచన ఈ లిస్ప్ చుట్టూ తిరిగినవాళ్ళ దగ్గరే బాగా ముదిరింది. 1976లో ఎం.ఐ.టి.లోనే ఈమాక్స్ అనే ఎడిటర్ మొదలైంది. దాన్ని చేసినవాళ్ళు దాని గురించి గొప్పగా చెప్పుకున్న మాటల్లో ఒకటేంటంటే, తన గురించి తానే చెప్పుకునే ఎడిటర్ అని. ప్రతి కమాండ్‌కీ దాని వివరణ అతికించే ఉంటుంది. 'నువ్వెవరు?' అని అడిగితే అదే చెబుతుంది. ఈమాక్స్ లిస్ప్‌లో ఒక నియమం ఇప్పటికీ ఉంది. వివరణలో మొదటి లైను తనంతట తాను పూర్తి వాక్యం అవ్వాలి. ఎందుకంటే వెతికినప్పుడు స్క్రీన్ మీద కనపడేది ఆ ఒక్క లైనే. చిన్న నియమం, కానీ కామెంట్లు శుభ్రం చేసేవాళ్ళకి సగం పని అక్కడే ఉంటుంది. మీలో పైథాన్ నేర్చుకునేవాళ్ళు మూడు కొటేషన్ గుర్తుల మధ్య రాసే డాక్‌స్ట్రింగ్ కూడా ఈ లిస్ప్ ఇంటి ఆచారమే.

1984లో డోనాల్డ్ కనూత్ ఇంకో అడుగు ముందుకేశాడు. ప్రోగ్రాముని కంప్యూటర్‌కిచ్చే ఆజ్ఞలా కాదు, మనిషికి చెప్పే వ్యాసంలా రాయాలన్నాడు. కోడ్ మధ్యలో వివరణ కాదు, వివరణ మధ్యలో కోడ్. ఊరికే అనలేదు. తన టెక్ అనే ప్రోగ్రాము మొత్తాన్ని అలాగే రాసి 1986లో పుస్తకంగా అచ్చేశాడు. హాస్కెల్‌లో కూడా అలా రాసే పద్ధతి ఉంది. లైను మొదట్లో > గుర్తు పెడితే అది కోడ్, పెట్టకపోతే అంతా కామెంటే.

సరే, హాస్కెల్. 1987 సెప్టెంబరులో అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఒక సమావేశంలో ఫంక్షనల్ లాంగ్వేజీల పరిశోధకులు కూర్చున్నారు. ఎవరి లాంగ్వేజ్ వాళ్ళదే, తలా ఒకటి. ఇలా కాదు, అందరికీ కలిపి ఒకటి చేద్దామనుకున్నారు. 1990 ఏప్రిల్ 1న మొదటి నివేదిక బయటికొచ్చింది. ఏప్రిల్ ఫూల్ రోజే, నిజం. హాస్కెల్ కర్రీ అనే లాజిక్ పండితుడి పేరు పెట్టారు. దాని స్టాండర్డ్ లైబ్రరీలో గుండెకాయ పేరు ప్రెల్యూడ్.

ఇక్కడ ఒక తమాషా ఉంది. హాస్కెల్‌లో ప్రతి ఫంక్షన్‌కీ టైప్ ఉంటుంది. అంటే ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది అని పక్కాగా రాసి ఉంటుంది. దాంతో ఆ ప్రపంచంలో ఒక అహంకారం పెరిగింది: 'టైప్ చూస్తే తెలియట్లేదా? ఇంకా కామెంట్ ఎందుకు?' అని. నేను కూడా మొదట్లో ఇదే డైలాగ్ కొట్టేవాణ్ణి.

మన గుంటూరు-నంద్యాల రైల్వే లైను తీసుకోండి. వరసగా నాలుగు ఊళ్ళు పెడదాం: మార్కాపురం, తర్లుపాడు, కంభం, గిద్దలూరు. ఇది ఒక లిస్టు. 'టేక్' అనే ఫంక్షన్‌కి 2 అని చెప్పి ఈ లిస్టు ఇస్తే మార్కాపురం, తర్లుపాడు ఇస్తుంది. 'డ్రాప్' అనే ఫంక్షన్‌కి అదే 2, అదే లిస్టు ఇస్తే మొదటి రెండూ పారేసి కంభం, గిద్దలూరు ఇస్తుంది. రెండింటి టైపూ ఒకటే! ఒక అంకె, ఒక లిస్టు తీసుకుని ఒక లిస్టు ఇస్తుంది. టైప్ మాత్రమే చూసినవాడికి మార్కాపురంలో దిగాలో గిద్దలూరులో దిగాలో తెలీదు.

ఇంకా చూడండి. 'టెయిల్' మొదటి ఊరు తీసేస్తుంది. 'ఇనిట్' చివరి ఊరు తీసేస్తుంది. 'రివర్స్' గిద్దలూరు నుంచి వెనక్కి తీసుకొస్తుంది. 'సైకిల్' అయితే గిద్దలూరు తర్వాత మళ్ళీ మార్కాపురం, మళ్ళీ తర్లుపాడు... ఆ బండి దిగేది లేదు, అంతులేని లిస్టు. ఈ నాలుగింటికీ టైప్ ఒక్కటే. తేడా చెప్పాల్సింది పేరూ, కామెంటూ. పేరు ఇంగ్లీషులో ఉంది. మా వాళ్ళలో చాలామందికి ఆ ఇంగ్లీషే అసలు గోడ.

పేరంటే గుర్తొచ్చింది. 'నబ్' అని ఒకటుంది. లిస్టులో రెండోసారి వచ్చినవాటిని తీసేసి ఒక్కోటి ఒక్కసారే ఉంచుతుంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకి కూడా ఆ పేరు చూస్తే ఏమీ వెలగదు. అందుకే లైబ్రరీలో దాని కామెంట్‌లోనే పేరుకి అర్థం రాసిపెట్టారు, 'సారం' అని. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటి రాశారు, దీనికి పట్టే సమయం లిస్టు పొడవుకి వర్గంలా పెరుగుతుందని. అంటే వెయ్యి పేర్లుంటే, అన్నీ వేరువేరైతే, దాదాపు 5 లక్షల పోలికలు. లక్ష పేర్లుంటే దాదాపు 500 కోట్లు. టైప్‌లో ఈ సంగతి ఎక్కడా కనపడదు. ఆ ఒక్క కామెంట్ లైను చదవనివాడు ఫోన్ వేడెక్కిందని ఫోన్ కంపెనీని తిడతాడు.

అన్నింటికన్నా పేరుమోసింది 'హెడ్'. లిస్టులో మొదటిది ఇస్తుంది. మన లిస్టుకి మార్కాపురం. మరి ఖాళీ లిస్టు ఇస్తే? ప్రోగ్రాము అక్కడికక్కడ కూలిపోతుంది. టైప్ మాత్రం 'లిస్టు ఇవ్వు, ఒకటి ఇస్తాను' అని ధీమాగా చెబుతుంది. అంటే టైప్ అబద్ధం ఆడుతోంది, నిజం కామెంట్ చెప్పాలి. ఎన్నో ఏళ్ళు ఆ నిజం చిన్న చీటీలా ఉండిపోయింది. తర్వాత కామెంట్‌లో హెచ్చరిక పెద్దదైంది, ఏ ఫంక్షన్ వాడాలో కూడా రాశారు. చివరికి 2023లో, జీహెచ్‌సీ 9.8 వెర్షన్‌లో, హెడ్ వాడితే కంపైలరే హెచ్చరించడం మొదలుపెట్టింది. ఒక కామెంట్ ఎదిగి కంపైలర్ నోట్లోకి వెళ్ళడం అన్నమాట. నాకు ఈ ప్రయాణం భలే నచ్చుతుంది.

మరి ఈ కామెంట్లు మన ఫోన్‌లో వెబ్ పేజీలా ఎలా కనపడుతున్నాయి? సైమన్ మార్లో అనే ఆయన 2002లో హాడాక్ అనే పనిముట్టు గురించి పేపరు రాశాడు. మామూలు కామెంట్‌కి రెండు గీతలు పెడతాం: --. దాని పక్కన నిలువు గీత పెడితే, అంటే -- | అని రాస్తే, హాడాక్ దాన్ని ఏరుకుని పేజీగా చేస్తుంది. ఆ నిలువు గీత మర్చిపోతే? ఎంత అందంగా రాసినా ఆ కామెంట్ కోడ్ ఫైల్లోనే పడి ఉంటుంది, చదివేవాడికి చేరదు. లైబ్రరీ కామెంట్లు శుభ్రం చేసేవాళ్ళు రోజూ చేసే పని ఇలాంటిదే. గీత లేని చోట గీత పెట్టడం. ఫంక్షన్ పేరుకి సరైన గుర్తులు పెట్టి లింకయ్యేలా చేయడం. ఏ వెర్షన్ నుంచి ఉందో రాయడం. కోడ్ మారిపోయినా కామెంట్ పాతదే ఉంటే దిద్దడం. ఫంక్షన్ పేరునే వాక్యంగా తిప్పి రాసిన పనికిరాని లైన్లని పీకేయడం. పేరొచ్చే పని కాదు. పెళ్ళిలో వంటపాత్రలు తోమేవాళ్ళ ఫోటో ఎవరైనా తీస్తారా?

ఇక్కడ కొంచెం ఆగుదాం. మనం ఐదో క్లాసు నుంచీ ఈ పని చూస్తూనే ఉన్నాం, గుర్తుపట్టలేదు అంతే. తెలుగు వాచకంలో పద్యం కింద ఏముంటుంది? ప్రతిపదార్థం, తాత్పర్యం. పరీక్షలో ప్రతిపదార్థానికి ఇన్ని మార్కులు, తాత్పర్యానికి ఇన్ని. అదే డాక్యుమెంటేషన్. మూలం కోడ్ అయితే టీక కామెంట్. ఈ విద్యలో దేశంలోనే పెద్దదిక్కు అనదగ్గవాడు మన తెలుగు నేల మీదివాడు. మెదక్ దగ్గర కొల్చారం ఊరు. ఆ ఊరి పేరే ఇంటిపేరైన కోలాచల మల్లినాథసూరి. 14, 15 శతాబ్దాల మనిషి.

మల్లినాథుడు సంస్కృత కావ్యాలకి టీకలు రాశాడు. కాళిదాసు రఘువంశం, కుమారసంభవం, మేఘదూతం మూడింటికీ రాసిన టీక పేరు సంజీవని. భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం. మనం 'ఘంటాపథంగా చెబుతున్నా' అంటాం చూడండి, ఆ మాటే. మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజబాట అని అర్థం. మాఘుడి కావ్యానికి సర్వంకష, నైషధానికి జీవాతువు. అంటే ఆ కాలానికి సంస్కృతంలో స్టాండర్డ్ లైబ్రరీ అనదగ్గ పుస్తకాలన్నింటికీ ఒక్కడే కూర్చుని డాక్యుమెంటేషన్ రాశాడు. ఇప్పటికీ దేశంలో ఎక్కడ సంస్కృతం చదివినా కాళిదాసుని ఆయన టీకతోనే మొదలుపెడతారు.

సంజీవని అని పేరెందుకు పెట్టాడో ఆయనే చెప్పుకున్నాడు. అప్పటికే కాళిదాసుకి టీకలు బోలెడున్నాయి. కానీ చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు మాట మూర్ఛపోయి పడుందట, దాన్ని లేపడానికి ఈ మందు అన్నాడు. అంటే ఆయన చేసింది కొత్తగా కామెంట్ రాయడం ఒక్కటే కాదు, పాత కామెంట్లని శుభ్రం చేయడం. తనకి రెండు నియమాలు కూడా పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. ఇవాళ ఏ ఓపెన్ సోర్స్ లైబ్రరీకైనా కామెంట్ దిద్ది పంపండి, రివ్యూ చేసేవాళ్ళు మిమ్మల్ని అడిగేవి ఈ రెండే. ఇది కోడ్‌లో ఎక్కడుంది? ఇది ఇక్కడ అవసరమా?

ఆయన పద్ధతి గమనించండి. ముందు మాటల్ని అన్వయక్రమంలో పెడతాడు, ఎవరు ఏం చేశారో తేలేలా. తర్వాత ఒక్కో మాటకీ అర్థం, దానికి అమరకోశం లాంటి నిఘంటువుల నుంచి సాక్ష్యం. చిక్కు ప్రయోగం ఉంటే పాణిని సూత్రం చూపిస్తాడు. అలంకారం ఏదో చెబుతాడు. శ్లోకం తర్వాత శ్లోకం, ఇదే వరస. చదివేవాడికి ఏది ఎక్కడ దొరుకుతుందో అలవాటైపోతుంది. లైబ్రరీ కామెంట్‌లో కూడా అంతే: మొదటి లైనులో పని, తర్వాత వివరం, ఖర్చు, ఉదాహరణ. ఆ వరస తప్పితే ఫోన్‌లో స్క్రోల్ చేసేవాడు ఒక్క క్షణంలో పక్కకెళ్ళిపోతాడు.

భారవి మాటని ఆయన కొబ్బరికాయతో పోల్చాడు. పైన పీచు, లోపల చిప్ప, ఆ తర్వాతే తియ్యటి నీళ్ళు. హాస్కెల్ కోడ్ మొదటిసారి చూసినప్పుడు నాకూ కొబ్బరికాయే గుర్తొచ్చింది. కాకపోతే కొట్టే కత్తి నా దగ్గర లేదు.

అయితే ఈ కథలో రెండో వైపు ఉంది, అది ఎక్కువమంది చెప్పరు. మల్లినాథుడి టీక అంత బాగా కుదిరింది కాబట్టి అంతకు ముందున్న టీకలు జనం చదవడం తగ్గించేశారు. అందరికీ ఆయన టీకా, ఆ టీకలో ఉన్న పాఠమే కాళిదాసు అయిపోయింది. కానీ కాశ్మీరంలో ఆయనకి నాలుగైదు వందల ఏళ్ళ ముందు, 10వ శతాబ్దంలో, వల్లభదేవుడని ఒక టీకాకారుడు ఉన్నాడు. ఆయన టీకలో కాళిదాసు శ్లోకాలు కొన్ని చోట్ల వేరేగా ఉన్నాయి. మల్లినాథుడి దగ్గర ఉన్న శ్లోకాలు కొన్ని ఆయన దగ్గర అసలు లేవు. కాళిదాసు నిజంగా ఏం రాశాడో తేల్చాలనుకునే పండితులు ఈ కాలంలో మళ్ళీ ఆ పాత వల్లభదేవుడి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. మల్లినాథుడిది తప్పని నేను అనట్లేదు. ఆయన లేకపోతే వేలమందికి కాళిదాసే లేడు. నేనంటున్నది, శుభ్రం చేసిన చీపురు దుమ్ముతో పాటు ఇంకేం ఊడ్చిందో చీపురుకి తెలీదని.

ఆ కాలంలో గిట్ లేదు కదా. గిట్ అంటే ఫైల్ మార్చిన ప్రతిసారీ పాతదీ దాచి ఉంచే పనిముట్టు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ చేశాడు. తాటాకు కాలంలో అలా దాచే గిట్ మనిషే. ఎవరో ఒకరు పాత ప్రతి చెదలు తినకుండా ఇంకో ప్రతి రాసి ఉంచాలి. రాయకపోతే అంతే.

ఇప్పుడు మన ప్రాంతానికి దగ్గరగా వద్దాం. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకుముందు మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 1858కి ముందు ఈ వైపంతా కడప జిల్లా కిందికి వచ్చేది. ఆ కడపకి 1820లో కుర్ర ఉద్యోగిగా వచ్చాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన వేమన పద్యాలు వెతకడం మొదలుపెట్టాక దొరికిన ప్రతులన్నీ ఒకదానితో ఒకటి కలవవు. ఒకదాన్లో ఉన్న పద్యం ఇంకోదాన్లో లేదు, ఉన్నదాన్లో మాట తేడా. రాయసగాడి చెయ్యి జారిన చోట ఇంకో రాయసగాడు తనకి తోచింది పెట్టేశాడు. బ్రౌన్ పండితుల్ని జీతానికి పెట్టుకుని ప్రతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూపించాడు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చేశాడు. తర్వాత జూలూరి అప్పయ్య లాంటి పండితుల చేత మనుచరిత్రకి టీక రాయించాడు. కావ్యం కష్టం, టీక లేకపోతే విద్యార్థి చదవడని ఆయనకి బాగా తెలుసు, ఎందుకంటే తెలుగు ఆయనకి పుట్టు భాష కాదు, తనే విద్యార్థి.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. టీక విలువ తెలిసేది బయట నుంచి వచ్చినవాడికే. ఇంట్లో పుట్టినవాడికి పోపులడబ్బాలో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. కోడలికి చీటీ కావాలి. హాస్కెల్ రాసిన ప్రొఫెసర్లకి హాస్కెల్ కామెంట్ అక్కర్లేదు. మార్కాపురం బస్‌స్టాండ్‌లో ఫోన్‌లో చదివే పిల్లకి కావాలి.

ఒక ఉదాహరణ చెబుతా, ఇది మన భాషకి నేరుగా తగిలేది. 'లెంగ్త్' అనే ఫంక్షన్ పొడవు చెబుతుంది. 'స్త్రీ' అనే మాట ఇచ్చి ఎంత పొడవంటే 6 అంటుంది! మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుర్తు, మొత్తం ఆరు. 'మార్కాపురం' అంటే మనకి నాలుగు అక్షరాలు, దానికి 10. ఇక 'రివర్స్' చేశామా, గుణింతం గుర్తు ముందుకొచ్చి అక్షరం వెనక్కెళ్ళి చూడ్డానికి భయంగా ఉంటుంది. కామెంట్‌లో ఉన్నది తప్పేం కాదు. లిస్టులో ఎన్ని అంశాలుంటే అన్ని అని రాసుంది. కానీ మన అక్షరం ఆ అంశం కాదని తెలుగు రాసేవాడు చదివినప్పుడే బయటపడుతుంది.

నా వెధవ పని ఇక్కడే. నేనూ, ఇద్దరు ముగ్గురు స్నేహితులం కలిసి తెలుగు గళ్ళనుడికట్టు ఆట ఒకటి చేస్తున్నాం, హాస్కెల్‌లో. ఒక గడికి ఒక అక్షరం. కాబట్టి మాటని అక్షరాలుగా విడగొట్టే ఫంక్షన్ కావాలి. అది రాసింది మా జూనియర్, గిద్దలూరు అమ్మాయి. దాని మీద ఆమె పెట్టిన కామెంట్ చూడ్డానికి చిందరవందరగా ఉంది. సగం తెలుగు సగం ఇంగ్లీషు, మధ్యలో ఒక లైను: 'పొల్లు తర్వాత కనపడని గుర్తు ఉంటే అక్కడ అక్షరం తెగుద్ది. ఈ కేసు పైనే ఉండాలి, కిందికి దించొద్దు.'

నేను అప్పుడే పెద్ద లైబ్రరీల కామెంట్లు చదివి వాటి నీటుదనం చూసి మోజులో ఉన్నాను. మన కోడ్ కూడా అలా మెరవాలని ఒక ఆదివారం కూర్చుని కామెంట్లన్నీ శుభ్రం చేశాను. ఆ లైన్లు తీసేసి 'మాటని అక్షరాలుగా విడగొడుతుంది' అని ఒక్క వాక్యం పెట్టాను. చూడముచ్చటగా ఉంది. ఆధారం లేనిది రాయలేదు, నిజమే. కానీ అవసరమైనది తీసేశాను.

రెండు నెలల తర్వాత ఇంకో స్నేహితుడు అదే ఫంక్షన్‌లో కేసుల వరస మార్చాడు. హాస్కెల్ కేసుల్ని పై నుంచి కిందికి చూస్తుంది, మొదట ఏది కలిస్తే అదే. వరస మారితే ఫలితం మారుతుంది. ఆపే కామెంట్ లేదు కదా, మార్చేశాడు. అప్పుడు 'బస్‌స్టాండ్' అనే మాట వచ్చింది ఆటలో. మనం చదివేది బ, స్, స్టాం, డ్, నాలుగు గళ్ళు. టైప్ చేసేటప్పుడు 'స్' తర్వాత కనపడని ఒక గుర్తు ఉంటుంది, పక్క అక్షరంతో అతుక్కోకుండా ఆపేది. ఆ కేసు కిందికి పోయేసరికి ఆట దాన్ని మూడు గళ్ళకి కుదించింది. ఆడినవాళ్ళు 'ఇది అన్యాయం' అని మెసేజ్‌లు. సరైన జవాబు రాస్తే తప్పు అంటోంది మరి.

ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, నా కామెంట్ తీసేసింది నువ్వేనా?" నేను వెంటనే ఒప్పుకోలేదు. ఎవరో తీసుంటారులే అన్నాను. గిట్‌లో ఏ లైను ఎవరు మార్చారో చూపించే కమాండ్ ఉంది కదా, అది కొట్టి స్క్రీన్‌షాట్ పంపింది. నా పేరు, ఆ ఆదివారం తేదీ, పక్కన నేనే రాసిన సందేశం: 'కామెంట్లు శుభ్రం చేశాను.'

మల్లినాథుడి కాలంలో అయితే ఆ లైను పోయినట్టే. మాకు గిట్ ఉంది కాబట్టి దొరికింది. కామెంట్ వెనక్కి తెచ్చాం, కేసు పైకి ఎక్కించాం. ఆమె ఊరుకోలేదు. "కామెంట్‌ని మళ్ళీ ఎవరైనా ఊడ్చేస్తారన్నా, దానికి కాపలా పెట్టాలి" అంది. కాపలా అంటే ఏంటంటే, కామెంట్ లోపల ఉదాహరణ రాస్తాం, ముందు >>> అని గుర్తు పెట్టి, కింది లైనులో రావాల్సిన జవాబు. డాక్‌టెస్ట్ అనే పనిముట్టు ఆ ఉదాహరణని నిజంగా నడిపి చూస్తుంది, జవాబు తేడా వస్తే కేక పెడుతుంది. ఇది పైథాన్‌తో పాటు 2001 నుంచే వస్తోంది, హాస్కెల్‌లోనూ ఉంది. ఎలిక్సిర్ అనే ఇంకో ఫంక్షనల్ లాంగ్వేజ్‌లో లాంగ్వేజ్‌తోనే ఇస్తారు. పెద్ద స్టాండర్డ్ లైబ్రరీల్లో ఈమధ్య కామెంట్లు సర్దేవాళ్ళు ఎక్కువగా చేరుస్తున్నవి ఈ ఉదాహరణలే. మామూలు వాక్యం పాతబడినా ఎవరికీ తెలీదు, ఇది పాతబడితే వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఫంక్షన్ మీద రెండు ఉదాహరణలున్నాయి. 'మార్కాపురం' అంటే 4, 'బస్‌స్టాండ్' అంటే 4. వాటి పైన ఆమె రాసిన ఆ చిందరవందర లైను అలాగే ఉంది, 'తెగుద్ది' అనే మాటతో సహా. 'తెగుతుంది' అని దిద్దుదామా అని అడిగాను. "ముట్టుకోమాక అన్నా" అంది.

ఇవాళ్టికి ఇంతే. ఉంటానండీ.